సాఫు మైదానంల కయోటీ వేట: గాలి ఎటు కొడుతుందో చూసిన్రా?

ప్రశ్న: మా కొడుకు టెక్సాస్‌ల లబ్బక్‌ల ఎమ్మెస్ చదువుతుండు. చలికాలం సెలవులల్ల దోస్తులు కయోటీల వేటకు తీస్కపోయిన్రట, పొద్దుగాల నాలుగు గంటలు ఒక్క కాడ్నే కూసున్నరట, ఒక్కటి గూడ రాలే. చెట్టు చేమ లేని జాగల అసలు ఎట్ల వేటాడుతరు?
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: అన్నా, నాలుగు గంటలు ఒక్క కాడ్నే కూసున్నరంటేనే సగం సంగతి తెలిసిపోయింది. కయోటీ మన నక్క కంటె జర పెద్దది, తోడేలు కంటె చిన్నది. లబ్బక్ చుట్టు గూడ మన లెక్కనే పత్తి చేన్లు, కాకపోతే కంటికి ఆనినంత దూరం సాఫు. నేను ఒకసారి మా బామ్మర్ది దగ్గరికి పోయినప్పుడు వెంబడి పోయి చూసిన, తుపాకి మాత్రం ముట్టలే. వాళ్ళు బండి దిగంగనే ఫస్టు చూసేది గాలి. ఎందుకంటె అది కంటి కంటె, చెవి కంటె ముక్కును ఎక్కువ నమ్ముతది. కుందేలు చావు అరుపు అరిసే స్పీకర్ పెడుతరు, ఆ అరుపు ఇని ఉరికొస్తది గని సీదా రాదు, చుట్టు తిరిగి గాలి వాలు దిక్కుకు పోయి వాసన చూసుకొని అప్పుడు దగ్గరికొస్తది. మనం ఆ దిక్కు ఖాళీగ కనవడేటట్టు కూసోకపోతే అది మన వాసన పట్టి ఎనకనుంచి ఎనకనే పోతది, మనకు వచ్చినట్టు గూడ తెల్వదు. మీవోనికి అదే అయి ఉంటది.

స్పీకర్ ఒళ్ళె పెట్టుకోవద్దు, ఓ యాభై గజాలు దూరం పెట్టాలె, దాని చూపు అటే ఉంటది. దాక్కునేతందుకు చెట్టే అక్కర్లేదు, ఓ గడ్డిమోపు, ఎండిన కాలువ గట్టు, పత్తి కట్టె చాలు, సూర్యుడు ఈపు దిక్కు ఉండాలె, నీడల కూసోవాలె. గట్టు మీద నిలవడితె ఆకాశంల బొమ్మ లెక్క కనవడుతరు. బండిని మిట్ట ఎనక ఆపి డోర్ చప్పుడు గాకుంట నడవాలె. పదిహేను ఇరవై నిమిషాలల్ల రాకుంటె లేసి ఇంకో మైలు రెండు మైళ్ళు అవుతలికి పోవుడే. ఉరికేదాన్ని కాల్చరు, నోటితోటి కుక్క లెక్క ఒక్కసారి మొరుగుతె అది టక్కున ఆగి చూస్తది, గప్పుడు. ఎనక ఇల్లుందా పశువులున్నయా చూడకుంట మాత్రం కాల్చొద్దు, సాఫు నేల మీద గుండు శాన దూరం పోతది.

అసలు ముచ్చట ఇంకోటుంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నోళ్ళు తుపాకి పట్టుకునుడే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, దోస్తుది జరసేపు పట్టుకున్నా సరే. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటెనే మినహాయింపు. టెక్సాస్‌ల కయోటీకి సీజన్ అంటూ లేదు, ఏడాదంత కొట్టొచ్చు, గని భూమి చాన వరకు ప్రైవేటుది, ఓనర్ పర్మిషన్ లేకుంట అడుగు పెట్టొద్దు. ఇయ్యాల్నే ఫోన్ చేసి వానికి గీ ముచ్చట ముందుగాల చెప్పు, గాలి సంగతి తర్వాత చెప్పొచ్చు.

ప్రశ్న: మా గొర్ల దొడ్డి కాడికి రాత్రిపూట నక్కలు వస్తున్నయ్. గసొంటి స్పీకర్ తెప్పిచ్చి పట్టొచ్చా?
– పరకాల

జవాబు: వద్దు తమ్మీ. 1972 వన్యప్రాణి చట్టం కింద నక్కను చంపుడు, ఉచ్చులేసుడు నేరం, జైలు పాలైతవ్. చిన్న గొర్రె పిల్లలను రాత్రి గంప కింద మూయి, దొడ్డి కంచె అడుగున సందులుంటె రాళ్ళు పేర్చు, లైటు పెట్టు, ఒక మంచి కుక్కను ఆడ్నే కట్టెయ్. చచ్చిన గొర్రెను దొడ్డి పక్కన పారేస్తె మాత్రం నువ్వే దావత్ ఇచ్చినట్టు, లోతుగ తవ్వి పూడ్చు.