ఫోటోలో కనిపించేది తెల్లటి ముద్ద, అంతే

"పెద్ద టెలిస్కోపుతో మంచి ఫోటో తీస్తే గెలాక్సీ మధ్యలో ఏముందో తెలిసిపోదా, ఈ స్పెక్ట్రమ్ గొడవంతా ఎందుకు?" అని ఒకరు అడిగారు. తెలిసిపోదండీ. స్పెక్ట్రమ్ అంటే వెలుగును తరంగదైర్ఘ్యాలుగా విడదీసి, ఒక్కోచోట ఎంత వెలుగుందో గీసిన గ్రాఫ్. అక్కడున్నది కొత్త నక్షత్రాల గుంపో, కృష్ణబిలం చుట్టూ కాగుతున్న వాయువో ఎంత జూమ్ చేసినా ఫోటో చెప్పదు.

నేను పీహెచ్‌డీలో చేరిన కొత్తలో, మార్చి నెల, ఒక రాత్రి మా గైడు సార్‌తో బెంగళూరు దగ్గరి హొసకోటెలో కూర్చున్నాను. టెలిస్కోపేమో లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున. అక్కడ గడ్డ కట్టే చలి, ఇక్కడ మేం స్వెట్టర్ కూడా లేకుండా టీ తాగుతూ శాటిలైట్ లింకు మీద దాన్ని నడిపిస్తున్నాం. ఆ రాత్రి చూడాల్సింది ఎన్‌జీసీ 4151, 1943లో ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సీఫర్ట్ తన పేపర్లో వివరించిన ఆరు గెలాక్సీల్లో ఒకటి.

గ్రాఫ్ గీసి చూస్తే దాదాపు 6585 ఆంగ్‌స్ట్రామ్‌ల (తరంగదైర్ఘ్యాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర తాటిచెట్టంత గీత. ఒక్కో మూలకం వెలుగు గీతలు ఫలానా చోటే పడతాయి, పట్టికలో నైట్రజన్ గీత 6584. ఇంకేం, నైట్రజన్ హైడ్రోజన్‌ని మించిపోయిందని ఎగిరి గంతేశాను. సార్ తెర వైపు చూసి, "మరి హైడ్రోజన్ ఎటు పోయిందిరా?" అన్నారు. నిజమే, అది ఉండాల్సిన 6563 దగ్గర శిఖరమే లేదు. "ముందు ఆక్సిజన్ జంటను పట్టుకో" అన్నారు. ఆ జంట ఎక్కడున్నా దొరికిపోతుంది, ఎందుకంటే రెండోది మొదటిదానికి మూడు రెట్లు ఎత్తు. 4959, 5007 దగ్గర ఉండాల్సినవి 4975, 5023 దగ్గర కూర్చున్నాయి. గెలాక్సీ సెకనుకు సుమారు వెయ్యి కిలోమీటర్ల వేగంతో దూరం పోతోంది, అందుకే గీతలన్నీ ఎరుపు వైపు, అంటే ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరిగాయి, నేను నైట్రజన్ అనుకున్నది జరిగొచ్చిన హైడ్రోజనే!

సిగ్గుతో తల దించుకుని మళ్లీ చూస్తే, ఆ గీత అడుగున రెండు పక్కలా గుడారంలా పరుచుకుని ఉంది. మన వైపు వచ్చే వాయువు గీతను ఒక పక్కకీ, దూరం పోయేది ఇంకో పక్కకీ లాగుతుంది. అంటే అక్కడి వాయువు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో పరుగులు పెడుతోందని. అంత చిన్న చోట, అంత వేగంగా తిరిగేదాన్ని పట్టి ఉంచాలంటే కోట్ల సూర్యుల బరువు కావాలి, అంటే కృష్ణబిలమే. అమెరికాలోని పాలోమార్ అబ్జర్వేటరీలో 5 మీటర్ల టెలిస్కోపుతో 486 దగ్గరి గెలాక్సీల నడిమధ్యను ఇలాగే పరిశీలిస్తే, 40 శాతానికి పైగా వాటిలో ఎంతో కొంత ఇలాంటి అలజడే కనిపించింది. ఫోటోల్లో చాలా వరకు బుద్ధిమంతుల్లా కనిపించేవే అవి.

అసలు మన స్కూలు పుస్తకాల్లో "వర్ణపటం" అని పేరు పెట్టి ఏడు రంగుల బొమ్మ వేయడమే తప్పు. మేం పనిచేసేది కొండలూ లోయలూ ఉన్న నల్ల గీత మీద. ఊదా, నారింజ రంగులు దట్టంగా పూసిన గెలాక్సీ బొమ్మలు వాట్సాప్‌లో పంపేవాళ్లకి ఇది చూపిస్తే ముఖం చిన్నబోతుంది. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నా గ్రాఫ్ ప్రింటు గర్వంగా చూపించాను. పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఈసీజీ ఎవరిదిరా, మీ నాన్నదా?" అంది.