శంషాబాద్‌లో ఫ్లాట్: అడ్వాన్స్ ఇచ్చే ముందు ఏ కాగితాలు చూడాలి?

ప్రశ్న: శంషాబాద్ మండలంలో ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లో, స్టిల్ట్ (కింద పార్కింగ్ అంతస్తు) మీద పది అంతస్తులుగా కడుతున్న అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్ చూశాం. ధర 85 లక్షలు. ఎయిర్‌పోర్ట్ ఎన్ఓసీ ఉంది, నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ పర్మిషన్ ఉంది, రెరా నంబరు ఉంది అని బిల్డర్ చెబుతున్నారు. ముందు 15 లక్షలు కడితే అగ్రిమెంటు తర్వాత రాసిస్తామంటున్నారు. మా బావగారేమో, ఎయిర్‌పోర్ట్ పక్కన పై అంతస్తులు ఎప్పటికైనా కూలగొడతారని, 111 జీవో కూడా ఉందని భయపెడుతున్నారు. రాత్రిళ్లు విమానాల చప్పుడు భరించలేకపోతే తర్వాత కేసు వేయవచ్చా? దయచేసి సలహా ఇవ్వగలరు. - ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు చివర్లో అడిగిన చప్పుడు సంగతే ముందు చెబుతాను. విమానం పైనుంచి వెళ్తోందన్న ఒక్క కారణంతో న్యూసెన్స్ అనిగానీ, మీ ఆస్తి మీదుగా చొరబడిందనిగానీ సివిల్ కోర్టులో దావా వేయడానికి వీల్లేదు. వాతావరణ పరిస్థితులను బట్టి సమంజసమైన ఎత్తులో ఎగిరితే చాలు, ఆ విమానానికి చట్టం రక్షణ ఇస్తుంది. 1934 ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం 17వ సెక్షన్‌లో ఉన్న ఈ నిబంధన, దాని స్థానంలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్‌లోనూ కొనసాగింది. కాబట్టి కొన్నాక చప్పుడు గురించి మీరు చేయగలిగింది చాలా తక్కువ. టైటిల్ (యాజమాన్య హక్కు), ఎత్తు, అనుమతుల విషయంలో మాత్రం చట్టం మీ పక్షాన గట్టిగా నిలబడుతుంది, అదీ డబ్బు చేతులు మారకముందే మీరు అడిగితే.

శబ్ద కాలుష్య నియమాలు లేవా అంటే, ఉన్నాయి. 2000 నాటి నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. కానీ విమానాశ్రయాల చుట్టూ ఉండే నాయిస్ జోన్‌కు 2018లో వేరే ప్రమాణాలు తెచ్చారు. ఏడాదికి 50 వేలకు మించి విమానాలు తిరిగే విమానాశ్రయాలకు పగలు 70, రాత్రి 65. శంషాబాద్ ఆ కోవలోకే వస్తుంది. పైగా ఇవి సగటు లెక్కలు. అర్ధరాత్రి దాటాక ఒక పెద్ద విమానం ముప్పై సెకన్లు ఉరిమిపోతే మీ నిద్ర చెడుతుంది గానీ సగటు పెద్దగా కదలదు.

అందువల్ల చప్పుడును కొనకముందే మీ చెవులతో మీరే పరీక్షించుకోవాలి. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగానే లేస్తుంది. వానాకాలంలో పడమటి గాలి వీచేటప్పుడు తూర్పు వైపు నుంచి వచ్చి దిగి, పడమటి వైపుకు లేస్తాయి. చలికాలంలో తూర్పు గాలికి ఇదంతా తిరగబడుతుంది. జులైలో సైట్ చూసి ప్రశాంతంగా ఉందనుకున్నవారు డిసెంబరులో కంగుతినేది ఇందుకే. దిగే విమానం 3 డిగ్రీల వాలులో వస్తుంది, అంటే కిలోమీటరుకు సుమారు 52 మీటర్లు దిగుతుంది. రన్‌వే అంచుకు సూటిగా 5 కిలోమీటర్ల దూరంలో మీ భవనం ఉంటే విమానం మీ నెత్తి మీద దాదాపు 275 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అదే 5 కిలోమీటర్లు రన్‌వేకు ఉత్తరంగానో దక్షిణంగానో పక్కకు ఉంటే పరిస్థితి చాలా నయం. మ్యాప్‌లో రెండు రన్‌వేల గీతలను అటూ ఇటూ పొడిగించి, మీ సైట్ ఆ గీతలకు ఎంత దూరంలో పడుతుందో కొలవండి. అంతర్జాతీయ విమానాల రద్దీ ఎక్కువగా రాత్రి పూటే కాబట్టి, రాత్రి 11 తర్వాత ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లి, ఆ అంతస్తులోనే నిలబడి వినండి. కింద సేల్స్ ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుంటే ఏమీ తెలియదు.

చప్పుడు కొంత ఉన్నా ఫర్వాలేదనుకుంటే, కిటికీల వివరం అగ్రిమెంటులో రాయించుకోండి. చప్పుడు గోడల్లోంచి వచ్చేది తక్కువ. జరిపే కిటికీల సందుల్లోంచి, బాత్రూమ్ వెంటిలేటర్లలోంచి, ఏసీ పైపు కోసం కొట్టిన కన్నంలోంచి వస్తుంది. బెడ్‌రూముల్లో రెక్క తెరిచే కిటికీలు, రబ్బరు సీలు, రెండు పొరల అద్దం అని స్పెసిఫికేషన్స్ షెడ్యూలులో ఉండాలి. నాణ్యమైన యూపీవీసీ కిటికీలు అని మాత్రమే రాస్తే రేపు ఏదిచ్చినా తీసుకోవాల్సిందే. బ్రోచర్‌లో చప్పుడు వినిపించదు అనో, మెట్రో ఫలానా సంవత్సరానికి వస్తుంది అనో రాసి ఉంటే ఆ బ్రోచర్‌ను, వాట్సాప్ మెసేజ్‌లను పారేయకండి. తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి, ఇళ్లు కొనేవారి రక్షణకు ఉన్న రెరా చట్టం 12వ సెక్షన్ కింద పరిహారం అడిగే హక్కుంది. ప్రాజెక్టు నుంచి తప్పుకోవాలనుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో సహా వెనక్కి అడగవచ్చు.

ఇక మీ బావగారి భయం. అది ఉత్త భయం కాదు. ముంబై విమానాశ్రయం దగ్గర అనుమతించిన ఎత్తు దాటిన 48 భవనాల్లో, దాటిన మేరకు కూల్చేయమని 2022 జులైలో బాంబే హైకోర్టు జిల్లా కలెక్టరును ఆదేశించింది. ఎత్తు దాటిన కట్టడాలను, చివరికి చెట్లను కూడా తొలగించడానికి 1994 నుంచే ప్రత్యేక నియమాలున్నాయి. అయితే కొలతకు లోబడి కట్టినదాన్ని ఎవరూ ముట్టుకోరు. కాబట్టి తేల్చుకోవాల్సింది ఆ కొలతే.

ఎయిర్‌పోర్ట్ ఎన్ఓసీ అని అందరూ పిలిచేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ఇచ్చే ఎత్తు క్లియరెన్స్. 2015 నాటి ఎత్తు పరిమితి నియమాల కింద, విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల పరిధిలో ఈ లెక్క చూస్తారు. దరఖాస్తు నోకాస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టాలి. కలర్ కోడెడ్ జోనింగ్ మ్యాప్‌లో ఏ గడికి ఎంత ఎత్తు అనేది ఉంటుంది. ఆ ఎత్తు లోపలైతే స్థానిక సంస్థే అనుమతి ఇవ్వవచ్చు, ఎరుపు గడిలో పడితే అథారిటీ ఎన్ఓసీ తప్పనిసరి.

బిల్డర్ దగ్గర ఎన్ఓసీ కాపీ పూర్తిగా, అన్ని పేజీలూ తీసుకోండి. మొదటి పేజీ జిరాక్స్ ఒక్కటే చాలదు, షరతులన్నీ వెనుక పేజీల్లో ఉంటాయి. అందులో అక్షాంశ రేఖాంశాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. సైట్ నాలుగు మూలల్లో నిలబడి ఫోన్‌లో జీపీఎస్‌తో పోల్చండి. ఒక సెకను తేడా అంటే నేల మీద సుమారు 30 మీటర్లు. రెండు మూడు సెకన్ల తేడా కనిపిస్తే, పక్క సర్వే నంబరుకు తీసుకున్న ఎన్ఓసీని దీనికి వాడుతున్నారేమో అని అనుమానించాలి. దరఖాస్తుదారు ఇచ్చిన అక్షాంశాలు, నేల ఎత్తు నిజం కాదని తేలితే ఆ ఎన్ఓసీ చెల్లదని అందులోనే రాసి ఉంటుంది. గడువు తేదీ కూడా చూడండి. కట్టడం సాగుతుండగా గడువు తీరిపోతే పొడిగింపు తీసుకున్నారా అని అడగాలి.

ఎక్కువమంది తికమకపడేది ఎత్తు లెక్క దగ్గర. ఎన్ఓసీలో ఇచ్చే పై ఎత్తు నేల మీద నుంచి కొలిచింది కాదు, సముద్రమట్టం నుంచి కొలిచింది. శంషాబాద్ విమానాశ్రయమే సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. ఒక ఉదాహరణ చూడండి. సైట్ నేల 606 మీటర్లు, అనుమతించిన పై ఎత్తు 642 మీటర్లు అనుకుందాం. అంటే కట్టుకోగలిగింది 36 మీటర్లు. స్టిల్ట్ 3 మీటర్లు, పది అంతస్తులు 30 మీటర్లు, మొత్తం 33. సరిపోయింది అనిపిస్తుంది. కానీ టెర్రస్ మీద మెట్ల గది, లిఫ్ట్ మెషీన్ రూమ్, వాటర్ ట్యాంకు కలిపితే ఇంకో 5 మీటర్ల పైమాటే. పిడుగు కడ్డీ, యాంటెన్నా కూడా ఆ పై ఎత్తు దాటకూడదని ఎన్ఓసీ షరతుల్లోనే ఉంటుంది. అంటే ఈ ఉదాహరణలో భవనం 2 మీటర్లు దాటేసినట్టే. ఎత్తు దాటిన భవనాల్లో తేడా చాలాసార్లు ఇలా ట్యాంకు దగ్గరే వస్తుంది. అందుకే ఆర్కిటెక్ట్ సెక్షన్ డ్రాయింగ్ అడిగి, ట్యాంకు పై అంచు వరకు కూడండి.

మీది తొమ్మిదో అంతస్తే కదా, తీసేస్తే పదోదే తీస్తారు అనుకోవద్దు. ఎత్తు దాటితే మొత్తం భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయ్యాక కాపురానికి ఇచ్చే అనుమతి) ఆగిపోతుంది. అది లేకపోతే నీళ్ల కనెక్షన్, చివరి లోన్ వాయిదా, రేపు మీరు అమ్ముకోవాలన్నా ఇబ్బందే.

111 జీవో సంగతి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న 84 గ్రామాలకు వర్తించేలా ఇది వచ్చింది. శంషాబాద్ మండలం గ్రామాలు కూడా అందులో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 69 జీవో ఆ ఆంక్షలను సడలించింది గానీ, జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదనే షరతు ఉంచి, విధివిధానాలను ఒక కమిటీకి అప్పగించింది. 111 పోయింది కదా అనే నోటిమాట మీద ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. మీ గ్రామం ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. ఉంటే, పది అంతస్తులకు ఏ ఆధారంతో అనుమతి ఇచ్చారో చెప్పే కాగితం హెచ్ఎండీఏ నుంచే సర్టిఫైడ్ కాపీగా తెచ్చుకోండి. బిల్డర్ ఇచ్చే కాపీ ఇక్కడ చాలదు.

భూమి విషయంలో 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల రికార్డు), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకపు పత్రాలు) ఎటూ చూస్తారు. దానితో పాటు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమేమో చూడాలి. అసైన్డ్ భూమి కొనుగోలు 1977 చట్టం ప్రకారం చెల్లదు, ఎన్ని చేతులు మారినా సరే. ఈ విమానాశ్రయం కోసం దాదాపు 5,500 ఎకరాలు సేకరించారు. ఆ సరిహద్దుకు ఆనుకుని ఉన్న సర్వే నంబర్లలో ఒక భాగం సేకరణలో పోయి, మిగిలింది ప్రైవేటుగా ఉండటం సాధ్యమే. అలాంటిచోట సబ్ డివిజన్ స్కెచ్, అవార్డు (భూసేకరణ పరిహారం ఉత్తర్వు) కాపీ రెవెన్యూ కార్యాలయం నుంచి సమాచార హక్కు దరఖాస్తుతో తెప్పించుకోవడం మంచిది.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. 2012 నాటి 168 జీవో భవన నియమాల ప్రకారం, ప్లాన్‌కు కట్టుబడతామన్న హామీగా బిల్డర్ నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతించే సంస్థకు తనఖా పెడతాడు. ఆ తనఖాలో ఉన్న ఫ్లాట్ నంబర్లు మార్ట్‌గేజ్ డీడ్‌లో రాసి ఉంటాయి. మీ ఫ్లాట్ వాటిలో ఉంటే, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి విడుదల అయ్యేదాకా దాన్ని మీ పేర రిజిస్టర్ చేయడం కుదరదు. బేరం కుదరగానే ఆ డీడ్ అడగండి. మీది 18 మీటర్లు దాటిన భవనం కాబట్టి ఫైర్ ఎన్ఓసీ కూడా ఉండాలి.

ఇక ఆ 15 లక్షలు. రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంటు ఆఫ్ సేల్ రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. 85 లక్షలకు అది 8.5 లక్షలు. 15 లక్షలు అడగడమే చట్టవిరుద్ధం, ఆ మాట మర్యాదగానే బిల్డర్‌కు చెప్పండి. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేజీ తెరిచి, అక్కడ అప్‌లోడ్ చేసిన ప్లాన్‌లో అంతస్తులు ఎన్నో, మీకు చూపిస్తున్న ప్లాన్‌లో ఎన్నో సరిచూడండి. ప్రాజెక్టు బ్యాంకు ఖాతా వివరాలూ అందులోనే దొరుకుతాయి. చెక్కు ఆ ఖాతా పేరు మీదే ఇవ్వండి, వేరే వ్యక్తి పేరున ఇవ్వమంటే ఆగిపోండి.

ఖర్చుల లెక్కలో 85 లక్షల మీద 7.5 శాతం స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములు 6,37,500 రూపాయలు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకముందే కొంటే జీఎస్టీ 5 శాతం, 4.25 లక్షలు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి బిల్డర్‌కు ఇచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ మీరే కోసి ప్రభుత్వానికి కట్టాలి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. బిల్డర్‌కు ఈమెయిల్‌లో నాలుగు కాగితాలు అడగండి: అన్ని పేజీలతో ఎత్తు ఎన్ఓసీ, ట్యాంకు వరకు కొలతలున్న సెక్షన్ డ్రాయింగ్, 10 శాతం మార్ట్‌గేజ్ డీడ్, అనుమతి ఉత్తర్వు. టోకెన్‌గా ఏమైనా ఇవ్వాల్సి వస్తే, ఎన్ఓసీ ఎత్తుకూ ప్లాన్ ఎత్తుకూ తేడా ఉన్నా, అనుమతిలో లోపం ఉన్నా సొమ్ము 15 రోజుల్లో పూర్తిగా వాపసు ఇస్తామని రసీదు మీదే సంతకంతో రాయించుకోండి. అగ్రిమెంటులో కూడా, ఎత్తు కారణంగా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకపోతే బాధ్యత బిల్డర్‌దే అన్న వాక్యం విడిగా ఉండాలి. కాగితాలు అందాక, సంతకం పెట్టకముందు, సివిల్ వ్యవహారాలు చూసే స్థానిక న్యాయవాదితో లీగల్ ఒపీనియన్ తీసుకోండి. బ్యాంకు లోన్ ఇస్తోందంటే టైటిల్ సరిగా ఉన్నట్టే అనుకోకండి. బ్యాంకు న్యాయవాది బ్యాంకు అప్పు భద్రత కోసం చూస్తారు, ట్యాంకు ఎత్తు ఎంతో సాధారణంగా కొలవరు.