ఫాల్ట్ బయట ఉంటే డిఫరెన్షియల్ ఎందుకు ట్రిప్ అయ్యింది?

ప్రశ్న: మా సబ్‌స్టేషన్‌లో ఒక ఫీడర్ మీద దగ్గర్లోనే త్రీ ఫేజ్ ఫాల్ట్ వచ్చిందండి, ఫీడర్ బ్రేకర్ ట్రిప్ అయ్యింది, బానే ఉంది, కానీ దాంతో పాటే ట్రాన్స్‌ఫార్మర్ డిఫరెన్షియల్ (రెండు వైపులా కరెంట్లని పోల్చి, తేడా వస్తే ట్రిప్ చేసే రిలే) కూడా ఆపరేట్ అయిపోయింది. బుకోల్జ్‌లో (లోపలి ఫాల్ట్‌కి ఆయిల్‌లో పుట్టే గ్యాస్‌ని పట్టే రిలే) గ్యాస్ లేదు, రేషియో, వైండింగ్ రెసిస్టెన్స్, ఆయిల్ టెస్టులు అన్నీ ఓకే. పికప్ (రిలే కదలడానికి కావాల్సిన కనీస తేడా) 0.3 నుంచి 0.5కి పెంచేద్దాం అంటున్నారు మావాళ్లు. పెంచొచ్చా?

జవాబు: పికప్ జోలికి వెళ్లకండి, దయచేసి. టెస్టులన్నీ అయ్యాకే ట్రాన్స్‌ఫార్మర్‌ని మళ్లీ ఛార్జ్ చేయడం గురించి ఆలోచించారు చూడండి, అది మంచి పని. ఇక అసలు విషయం ఏంటంటే, మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం అంతా సీటీ శాచురేషన్ మీదే, అంటే రిలేకి కరెంట్ కొలిచి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్ నిండిపోయి తక్కువ చూపించడం. లెక్క చూడండి. ఫుల్ లోడ్ కరెంట్‌ని 1 అనుకుందాం, బయట ఫాల్ట్‌కి 8 రెట్లు పోయింది, రెండు వైపులా సీటీలు 8 చూపిస్తే తేడా సున్నా, గొడవే లేదు. కానీ ఎల్వీ (లో వోల్టేజ్ వైపు) సీటీ శాచురేట్ అయ్యి 6 మాత్రమే ఇచ్చిందనుకోండి, డిఫరెన్షియల్ 2, రిస్ట్రెయింట్ (ట్రిప్‌ని ఆపి పట్టే కరెంట్) రెండిటి సగటు అంటే 7. స్లోప్ (రిస్ట్రెయింట్‌లో ఎంత శాతం తేడా దాటితే ట్రిప్ అన్నది) ఒక్కటే 25 శాతం పెట్టి ఉంటే హద్దు 1.75 దగ్గరే ఉంటుంది కాబట్టి ట్రిప్. అదే 3 తర్వాత రెండో స్లోప్ 60 శాతం ఉంటే, మొదటి 3కి 0.75, మిగతా 4కి 2.4 కలిసి హద్దు 3.15కి పోతుంది, రిలే కదలదు. ఇప్పుడు చెప్పండి, తేడా 2 వచ్చిన చోట పికప్ 0.3 అయితే ఏంటి 0.5 అయితే ఏంటి? ఇటు ట్రిప్ ఆగదు, అటు చిన్న టర్న్ టు టర్న్ ఫాల్ట్ (వైండింగ్‌లో పక్కపక్క చుట్ల మధ్య షార్ట్) పట్టుకునే శక్తి మాత్రం పోతుంది.

నిజంగా లోపలి ఫాల్టే అయితే, ఎల్వీ వైపు సోర్స్ లేని చోట, హెచ్వీ (హై వోల్టేజ్ వైపు) 8 ఎల్వీ 0, అంటే డిఫరెన్షియల్ 8, రిస్ట్రెయింట్ 4. రెండు వైపులా సోర్స్ ఉంటే రెండు కరెంట్లూ ట్రాన్స్‌ఫార్మర్ లోపలికే వస్తాయి, బయట ఫాల్ట్‌కైతే ఒకటి లోపలికి ఒకటి బయటికి, కోణంలో దాదాపు 180 డిగ్రీల తేడా.

కానీ అన్నిటికంటే నేను నమ్మేది టైమింగ్‌ని. సీటీ ఎంత చిన్నదైనా ఫాల్ట్ మొదలవగానే శాచురేట్ అవ్వదు, ఫ్లక్స్ పెరగడానికి కొన్ని మిల్లీసెకన్లు కావాలి, ఆ కాసేపు నిజమే చెప్తుంది. కాబట్టి రిలేలోంచి డిస్టర్బెన్స్ రికార్డ్ తీసి మొదటి సైకిల్‌ని, అంటే 50 హెర్ట్జ్‌లో 20 మిల్లీసెకన్లని, బాగా పెద్దది చేసి చూడండి. రిస్ట్రెయింట్ ముందు లేచి, డిఫరెన్షియల్ కాసేపు సున్నా దగ్గరే ఉండి ఆ తర్వాత లేస్తే ఫాల్ట్ బయటిది. రెండూ ఒకేసారి లేస్తే లోపలిది. ఎల్వీ వేవ్ కూడా చూడండి, పీక్ దాటకముందో దాటగానో సడన్‌గా కూలిపోయి మళ్లీ తర్వాతి అర సైకిల్‌లో లేస్తుంటే అది శాచురేషనే. చాలా న్యూమరికల్ రిలేల్లో ఈ లాజిక్‌తోనే ఎక్స్‌టర్నల్ ఫాల్ట్ డిటెక్టర్ ఉంటుంది, మీ దాంట్లో ఆన్ చేసి ఉందో లేదో చూడండి, రెండో స్లోప్ సరిచేయండి, సీటీ సెకండరీ లీడ్ బర్డెన్ (వైర్లు సీటీ మీద వేసే భారం) కొలిపించండి. సెకండ్ హార్మోనిక్ బ్లాకింగ్ ఉందిగా అని దాని మీద ఆధారపడకండి, అది ఇన్‌రష్ (ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జ్ చేసినప్పుడు వచ్చే పెద్ద కరెంట్) కోసం పెట్టింది.

ప్రశ్న (ఇంకొకరు): మా దాంట్లో త్రీ ఫేజ్ ఫాల్ట్‌కి బానే ఉంటుంది సార్, స్టార్ వైపు బయట ఎర్త్ ఫాల్ట్ వస్తేనే డిఫరెన్షియల్ ట్రిప్ అవుతోంది.

జవాబు: జీరో సీక్వెన్స్ (మూడు ఫేజుల్లోనూ ఒకే దిశలో పోయే కరెంట్) ఫిల్టర్ చూడండి ముందు. న్యూట్రల్ ఎర్త్ అయిన స్టార్ వైపు లైన్లలో జీరో సీక్వెన్స్ కరెంట్ పోతుంది, డెల్టా వైపు లైన్లలోకి రాదు, లోపలే తిరుగుతుంది, దాంతో రిలేకి ఒక వైపే కరెంట్ కనిపించి లోపలి ఫాల్ట్ అనుకుంటుంది. పాత రిలేలకి స్టార్ వైపు సీటీలని డెల్టాలో కలిపేది ఇందుకే, న్యూమరికల్ అయితే వెక్టర్ గ్రూప్‌తో (స్టార్, డెల్టా కలయిక, వాటి కోణం తేడా) పాటు ఆ వైపు జీరో సీక్వెన్స్ తీసివేత సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్ చేశాక న్యూట్రల్ దగ్గర లోపలి ఎర్త్ ఫాల్ట్‌కి డిఫరెన్షియల్ సెన్సిటివిటీ తగ్గుతుంది, అందుకని రిస్ట్రిక్టెడ్ ఎర్త్ ఫాల్ట్ రిలే (వైండింగ్ లోపలి ఎర్త్ ఫాల్ట్‌నే చూసేది) సర్వీసులో ఉందో లేదో అదే రోజు చూసుకోండి.