ఉప్పునీటి టాంక్‌కి బీచ్ ఇసుక తెస్తానంటున్నావట

చి. అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మూడడుగుల టాంక్ కొన్నావని, దానికి భీమిలి నుంచి ఇసుక తెచ్చుకుంటానంటున్నావని మీ అమ్మ చెప్పింది. షాపులో ప్యాకెట్ ధర చూస్తే ఎవరికైనా ఆ ఆలోచనే వస్తుంది. కానీ సముద్రం ఒడ్డున ఉన్నంత మాత్రాన ప్రతి ఇసుకా చేపలకు పనికిరాదు.

షాపులో అమ్మేది చాలావరకు అరగొనైట్, అంటే కాల్షియం కార్బొనేట్. మన విశాఖ తీరంలోది ఎక్కువగా కొండరాళ్లు అరిగి కొట్టుకొచ్చిన క్వార్ట్జ్. దాని మధ్య నల్లటి చారలు చూసే ఉంటావు. అవి ఇల్మెనైట్, గార్నెట్, మోనజైట్ లాంటి బరువు ఖనిజాలు. భీమిలి వైపు ఇవి బాగా కనిపిస్తాయి. మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది. నల్ల చార ఉన్నచోట గుప్పెడు కూడా తీయొద్దు. పైగా గాజు తుడిచే మాగ్నెట్ క్లీనర్‌కి ఆ నల్ల రేణువులు అంటుకుంటాయి. చూసుకోకుండా తుడిచావంటే గాజు మీద సన్నటి గీతలు పడతాయి, ఇక పోవు.

అందుకే ఎండిన ఇసుకను కాగితం మీద పల్చగా పరిచి, కింద నుంచి గట్టి అయస్కాంతం తిప్పి చూడు. నల్ల రేణువులు దాని వెంట పాకితే ఆ ఇసుక వదిలెయ్. తర్వాత ఒక చెంచాడు ఇసుక మీద వెనిగర్ పొయ్యి. బుసబుసా పొంగితే గవ్వల పొడి ఉన్నట్టు. పొంగకపోయినా కంగారు పడకు. క్వార్ట్జ్ నీళ్లలో దాదాపు కరగదు, చేపలకు హాని చెయ్యదు. అరగొనైట్ వేస్తే పీహెచ్ దానంతటదే నిలబడుతుందని షాపువాళ్లు చెప్పేది కూడా పూర్తిగా నమ్మకు. 8 పైన పీహెచ్ ఉన్న నీటిలో అదీ పెద్దగా కరగదు. ఏ ఇసుక వేసినా ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం, నీటిలో ఎంతుందో టెస్ట్ చేసుకోవాల్సిందే.

అన్నట్టు, వెనిగర్‌కి బాగా పొంగుతుందని అండమాన్ నుంచి ఎవరైనా పగడపు ముక్కలు తెచ్చిస్తామంటే వద్దను. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

గెడ్డలు, అంటే వాగులు, సముద్రంలో కలిసేచోట, ఫిషింగ్ హార్బర్ పక్కన తీయొద్దు. మురుగు, డీజిల్ అన్నీ ఆ ఇసుకలోనే ఉంటాయి. తీరంలో ఇసుక తవ్వకాన్ని సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు ఒప్పుకోవు, కాబట్టి బకెట్ ఇసుకే కదా అనుకోకుండా ముందు అధికారులను అడుగు. కాదంటే ప్యాకెట్ కొనుక్కో. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలోనే గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో పార అసలు పట్టుకోవద్దు.

నీ టాంక్‌కి 3 సెంటీమీటర్ల మందం చాలు, 20 కిలోల లోపే సరిపోతుంది. మెత్తటి ఇసుక అంతకంటే బాగా మందంగా వేస్తే అడుగున గాలి ఆడక నల్లబడి, కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపలకు విషం.

కడగకుండా వేస్తే మంచి బ్యాక్టీరియా వస్తుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. అందులోని చిన్న చిన్న జీవులు బకెట్‌లోనే చచ్చిపోయి, టాంక్‌లో అమ్మోనియా పెంచుతాయి. బియ్యం కడిగినట్టు నీళ్లు తేరుకునేదాకా కడుగు. చివరిసారి ఆర్‌ఓ నీళ్లతో కడిగి, మేడ మీద ఎర్రటి ఎండలో ఆరబెట్టు. టాంక్‌లో పరిచాక దాని మీద ఒక పళ్లెం పెట్టి, ఉప్పునీళ్లు ఆ పళ్లెంలోకే పొయ్యి. లేకపోతే నీళ్లన్నీ బురదబురదవుతాయి. నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 దగ్గర ఉంచు.

మొదటి వారాల్లో ఇసుక మీద గోధుమరంగు పొర కడుతుంది. అది డయాటమ్స్ అనే సూక్ష్మమైన నాచు, కొత్త టాంక్‌లో మామూలే, టెన్షన్ పడి ఇసుకంతా తోడిపారెయ్యకు. చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేదాకా చేప వెయ్యొద్దు. నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, అంతకంటే ఎక్కువ కూడా. టెస్ట్ కిట్ నా దగ్గర ఉంది, కొనకు. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు, వస్తూ నువ్వు తీసిన ఇసుక ఒక డబ్బాలో తీసుకురా.

మీ మావయ్య