డిక్కీలో ఎక్స్‌ట్రా సీటు, లెదర్ కవర్ల గురించి
అన్నా, ఫైవ్ సీటర్ డిక్కీలో పిల్లలకి ఇంకో సీటు వేయించొచ్చా, లెదర్ కవర్లు ఓకేనా అని అడిగావు కదా. సీటు మాత్రం వద్దు, ప్లీజ్. ఆర్‌సీలో ఉన్న సీటింగ్ మారేలా ఏం చేసినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు, 182ఏ కింద ఒక్కో మార్పుకి 5000 ఫైన్ లేదా 6 నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు, క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెడతారు. అదంతా పక్కనపెట్టు, వెనకనుంచి లారీ గుద్దితే ముందు నలిగేది ఆ డిక్కీనే, అక్కడ పిల్లల్ని ఎలా కూర్చోబెడతాం చెప్పు.

కవర్లు వేయించుకో, కానీ సీటు వీపుకి డోర్ వైపు ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ ఉందేమో చూడు, ఉంటే ఆ పక్క కుట్టు తెగేలా చేసిన కవరే తీసుకో, మామూలుది బిగిస్తే బ్యాగ్ సరిగ్గా తెరుచుకోదు. సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లకి ఉండే పసుపు కనెక్టర్‌ని షాపు కుర్రాడు పీకకుండా దగ్గరుండి చూసుకో.