దెబ్బకు బరువుండాలి: సినిమా ప్రశ్నలు, జవాబులు

ఈ మధ్య వచ్చిన యాక్షన్, సైన్స్ ఫిక్షన్ చిత్రాల గురించి పాఠకులు పంపిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు రాస్తున్నాను. సినిమా విద్య చదువుకొన్నవాణ్ణి కాను. నెలకు రెండు మూడు సార్లు టికెట్టు కొనుక్కొని హాలుకు వెళ్ళే మామూలు ప్రేక్షకుడిగా నాకు తోచిన అభిప్రాయాలనే ఇక్కడ చెబుతున్నాను.

ప్రశ్న: కోట్లు పోసి తీసిన ఫైట్లు చూస్తూ ఉంటే నాకు ఆవలింతలు వస్తున్నాయి. ఇది నా వయసు ప్రభావమా, సినిమాల్లోనే ఏదైనా లోపం ఉందా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీకు కలిగిన విసుగు మీకంటే చిన్నవాళ్ళకు కూడా కలుగుతున్నది కాబట్టి వయసును తప్పు పట్టనవసరం లేదు. కారణం వెదుక్కొంటే నాకు దొరికిన మాట ఒక్కటే, బరువు. దెబ్బ తిన్నవాడు పది గజాల దూరం గాలిలో ఎగిరిపడి, కొట్టినవాడి చేతికి మాత్రం నొప్పి పుట్టకుండా, ఆ కొట్టించుకొన్నవాడు ఎవరో కూడా మనకు తెలియకుండా కథ నడుస్తున్నప్పుడు, ఇక్కడ ఎవరికీ పోయేదేమీ లేదని మన మనసు తనంతట తానే లెక్క తేల్చేస్తుంది. ఒకసారి ఆ లెక్క తేలిన తరవాత కథానాయకుడు ఇరవై మందిని కొట్టినా, రెండు వందల మందిని కొట్టినా తేడా తెలియదు.

2023లో వచ్చిన ‘జాన్ విక్’ నాలుగో భాగాన్ని చూడండి. తెల్లవారేలోగా కథానాయకుడు పారిస్‌లోని సాక్రే కర్ చర్చికి దారితీసే మెట్లన్నీ ఎక్కి పైకి చేరాలి. అవి 222 మెట్లు. ప్రతి పది మెట్లకూ ఒక శత్రువును దాటుకొంటూ చాలా పైకి వెళ్ళిన తరవాత, దెబ్బ తిని అడుగు దాకా దొర్లుకొంటూ పడిపోతాడు. లేచి, పైకి చూసి, మళ్ళీ మొదటి మెట్టు మీద కాలు పెడతాడు. అలిపిరి నుంచి కాలినడకన తిరుమల కొండ ఎక్కినవారికి ఆ క్షణంలో తమ మోకాళ్ళు గుర్తుకు రాక తప్పదు. దర్శకుడు చాడ్ స్టాహెల్‌స్కీ ‘మ్యాట్రిక్స్’ చిత్రంలో కియాను రీవ్స్‌కు డూప్‌గా పనిచేసిన స్టంట్‌మన్ కావడం వల్ల, పడిపోవడం ఎంత కష్టమో అతనికి ఒంటితో తెలుసు. అదే చిత్రంలో తూటాలు దూరని కోటు ఒకటి ఉన్నది. ఆ కోటు కారణంగా తుపాకి పోరాటాలు చాలాచోట్ల నాకు తేలిపోయినట్టు అనిపించాయి.

రెండో సంగతి, ఎవరు ఎక్కడ ఉన్నారో మనకు తెలియాలి. ‘ఆర్ఆర్ఆర్’లో నది మీది వంతెన దృశ్యం నాకు ఇప్పటికీ ఆదర్శంగా కనిపిస్తుంది. కింద నీటిలో మంటల మధ్య చిక్కుకొన్న పిల్లవాడు, వంతెన మీద ఒకరు గుర్రం పైన, మరొకరు మోటారు సైకిలు పైన, ఇద్దరి మధ్య ఒక తాడు. ఇద్దరూ ఒకరికొకరు పరిచయం లేనివారే అయినా చేతి సైగలతోనే పథకం వేసుకొంటారు. ఒక్క మాట లేకపోయినా ఏం జరగబోతుందో హాలులోని చిన్నపిల్లలకు కూడా ముందే అర్థమవుతుంది. అర్థమైంది కాబట్టే ఊపిరి బిగబట్టి చూస్తారు. 2015 నాటి ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’లో సుమారు 2,700 కట్లు (ఒక షాట్ నుంచి మరొక షాట్‌కు మారడాలు) ఉన్నా మన కన్ను అలసిపోదు. చూడవలసిన వస్తువును దాదాపు ప్రతి షాట్‌లోనూ తెర మధ్యనే నిలిపేటట్టు దర్శకుడు జార్జ్ మిల్లర్ చిత్రీకరించగా, మార్గరెట్ సిక్సెల్ ఆ క్రమం చెడకుండా ఎడిటింగ్ చేసి ఆస్కార్ అందుకొన్నారు. ఈ రెండూ లేని ఫైటుకు స్లో మోషన్‌నూ, చెవులు గింగురుమనే నేపథ్య సంగీతాన్నీ ఎంత జోడించినా మీ ఆవలింత ఆగదు.

ప్రశ్న: ‘కల్కి 2898 ఏడీ’ని సైన్స్ ఫిక్షన్ అనవచ్చునా? అది పురాణ కథే అని మా ఇంట్లో మావారు, కాదని మా అబ్బాయి ఏడాదిగా వాదించుకొంటున్నారు.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అనవచ్చునమ్మా. మీవారి మాటలోనూ సగం నిజం ఉన్నది. తెలుగు ప్రేక్షకుడికి అద్భుతం కొత్త కాదు. 1957లో ‘మాయాబజార్’ చూసినవారు ప్రియదర్శిని పేటికను తెరిస్తే ఎక్కడో దూరాన ఉన్న మనసైనవారు అందులో కనబడతారని విని నవ్వుకోలేదు, నమ్మారు. అయితే పురాణంలో అద్భుతం వరం వల్లనో శాపం వల్లనో జరుగుతుంది. సైన్స్ ఫిక్షన్‌లో ఆ అద్భుతానికి ఒక నియమం ఉండాలి, ఆ నియమాన్ని కథ చివరిదాకా పాటించాలి. సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో తీసిన ‘ఆదిత్య 369’ ఆ పని చేసింది. కాలయంత్రం ఒకటి ఉన్నదని ఒప్పుకొంటే చాలు, శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్ళినా, 2504వ సంవత్సరానికి వెళ్ళినా అంతా ఆ ఒక్క ఊహ మీదే నిలబడుతుంది. 2025 ఏప్రిల్‌లో ఆ చిత్రం మళ్ళీ విడుదలైనప్పుడు చూశాను. గ్రాఫిక్స్ పాతబడ్డాయి, కథ పాతబడలేదు.

నాగ్ అశ్విన్ గారి ‘కల్కి’లో నన్ను కట్టిపడేసింది అశ్వత్థామ. ఉత్తర గర్భం మీద అస్త్రం వేసినవాడే మరొక తల్లి గర్భాన్ని కాపాడటానికి వేల ఏళ్ళు బతికి ఉండవలసి రావడం ఎంత గొప్ప ఊహో చెప్పలేను. నుదుటి మణి పోగొట్టుకొన్న ఆ పాపభారం అమితాబ్ బచ్చన్ గారి నడకలోనే కనిపిస్తుంది. అందుకే ఆయన ఉన్న పోరాటాలకు బరువు ఉన్నది. ‘బుజ్జి’ అనే బండి విషయమూ ఇంతే. సుమారు ఆరు టన్నుల ఆ వాహనాన్ని కోయంబత్తూరులో నిజంగానే తయారు చేయించారు. అది మలుపు తిరిగేటప్పుడు తెర మీద కూడా బరువుగానే తిరుగుతుంది.

నా అసంతృప్తి మరొక చోట ఉన్నది. గంగ ఎండిపోయిన కాశీని చూపించారు. నీళ్ళు లేని నగరంలో మనుషులు ఎలా మాట్లాడుకొంటారు, అతిథికి ఏమిస్తారు, బిడ్డకు స్నానం ఎలా చేయిస్తారు? ఆ దాహం వారి ప్రవర్తనలో నాకు కనబడలేదు. డెనీ విల్‌నవ్ తీసిన ‘డ్యూన్’ రెండు భాగాల్లోనూ (2021, 2024) కనిపించేది ఆ దాహమే. ఆ ఎడారిలో ఒంటి చెమటను కూడా వృథా కానివ్వని దుస్తులు వేసుకొంటారు. ఎదుటివాడి ముందు ఉమ్మి వేయడం ఒంట్లోని నీటిని ధారపోసే గౌరవంగా లెక్క. అడుగుల లయ వింటే ఇసుక కింది మహాసర్పం లాంటి పురుగు వస్తుంది కాబట్టి లయ తప్పించి నడుస్తారు. ఈ నియమాలు తెలిసిన తరవాత ఇసుకలో ఒక మనిషి నాలుగడుగులు వేసినా మనకు గుండె దడ పుడుతుంది. ‘కల్కి’ రెండో భాగంలో ఇటువంటి శ్రద్ధ ఇంకాస్త ఎక్కువగా ఉండాలని ఆ చిత్రాన్ని ఇష్టపడినవాడిగానే కోరుకొంటున్నాను.

ప్రశ్న: మన గ్రాఫిక్స్ హాలీవుడ్ స్థాయిని అందుకోకపోవడానికి డబ్బు లేకపోవడమే కారణమా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: డబ్బు ఒక కారణమే గాని అదే ముఖ్యమని నేను అనుకోను. జపాను చిత్రం ‘గాడ్జిల్లా మైనస్ వన్’ విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో 2024లో ఆస్కార్ గెలుచుకొన్నది. సుమారు 35 మంది కళాకారులు 610 షాట్లను పూర్తి చేశారు. దర్శకుడు తకాషి యమజాకీయే ఆ పనికి కూడా పెద్దగా ఉండటం వల్ల ఏ షాట్‌లో ఏం కావాలో మళ్ళీ మళ్ళీ మార్చుకోవలసిన అవసరం రాలేదు. యుద్ధంలో చావకుండా తిరిగివచ్చినందుకు సిగ్గుతో కుమిలిపోతున్న ఒక విమానచోదకుడి కథ అది. అతని బాధ మనది అయిన తరవాతే ఆ జంతువు సముద్రంలోంచి తల ఎత్తుతుంది.

మన దగ్గర ప్రశాంత్ వర్మ గారి ‘హనుమాన్’ కూడా 2024 సంక్రాంతికి తనకంటే ఎంతో పెద్ద చిత్రాల మధ్య విడుదలై నిలబడింది. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో 71వ జాతీయ పురస్కారం దానికే దక్కింది. మీరు ఆ రంగంలోకి వెళ్ళాలనుకొంటున్నారని మీ ఉత్తరంలో రాశారు. కంప్యూటరుతో పాటు, నీరు ఎలా చిందుతుందో, బరువైన వస్తువు నేల మీద పడినప్పుడు దుమ్ము ఎంతసేపటికి లేస్తుందో కూడా కళ్ళతో గమనించి నేర్చుకోండి.

ప్రశ్న: 2014 నాటి ‘ఇంటర్‌స్టెల్లార్’ మళ్ళీ విడుదలైతే టికెట్లు దొరకకపోవడం ఏమిటి? ఇంట్లో కూర్చొని చూడవచ్చు కదా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నేనూ 2025 ఫిబ్రవరిలో మా అమ్మాయితో వెళ్ళి చూశాను. ఇంట్లో టీవీలో అంతకు ముందే రెండుసార్లు చూసి ఉన్నాను. హాలులో చూసినప్పుడు మాత్రం, నీటి గ్రహం మీద గడిచిన కాసేపటికి మూల్యంగా 23 ఏళ్ళు కరిగిపోయాయని తెలిసి, అంతరిక్షయానానికి వెళ్ళిన తండ్రి తన పిల్లలు పంపిన పాత సందేశాలను ఒకదాని తరవాత ఒకటి చూసుకొనే ఘట్టంలో మా వరుసలో ఎవరూ కదలలేదు. అక్కడ గంట గడిస్తే భూమి మీద ఏడేళ్ళు గడుస్తాయన్న నియమాన్ని కథ ముందే చెప్పింది. భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్ సలహాతో ఆ నియమాన్ని రూపొందించారు. ఆయనకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనకు ఈ భావన పరాయిది కూడా కాదు. భాగవతంలో కకుద్మి మహారాజు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మ సభకు వెళ్ళి, కాసేపు ఆగి తిరిగి వచ్చేసరికి భూలోకంలో 27 చతుర్యుగాలు గడిచిపోయాయి. అతను అనుకొన్న వరులే గాక వారి మనుమలు, మునిమనుమలు కూడా మిగలలేదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్ళి, పిల్లలు పెరగడాన్ని ఫోను తెర మీదే చూసుకొన్న తండ్రులు ఎంతమంది! ఆ ఘట్టానికి మనవాళ్ళు కంటతడి పెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదని నా నమ్మకం.

ప్రశ్న: ఇంగ్లీషు చిత్రాలను తెలుగు డబ్బింగులో చూడటం చిన్నతనమా?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఎంతమాత్రమూ కాదు. సబ్‌టైటిళ్ళు చదువుకొంటూ కూర్చొంటే బొమ్మ సగం జారిపోతుంది. డబ్బింగును శ్రద్ధగా చేయించడమే ముఖ్యం. ‘అవతార్: ద వే ఆఫ్ వాటర్’కు అవసరాల శ్రీనివాస్ గారు తెలుగు మాటలు రాశారు. పెదవుల కదలికకు సరిపోయేలా ఏదో ఒక మాట కుక్కేసే పద్ధతి పోవాలి.

ప్రశ్న: పదేళ్ళ మనవడు కొత్త యాక్షన్ సినిమాలన్నీ చూపించమని మారాం చేస్తున్నాడు. ఎలా నిర్ణయించుకోవాలి?
— ఒక తాతగారు, నిజామాబాద్

జవాబు: టికెట్టు కొనేముందు సర్టిఫికెట్టు చూడండి. 2024 నుంచి యూఏ విభాగాన్ని ఏడు, పదమూడు, పదహారేళ్ళ వయసులను బట్టి మూడుగా విడగొట్టారు. మీ మనవడికి యూ గాని, ‘యూఏ 7+’ గాని సరిపోతుంది. ‘యూఏ 13+’ అని ఉంటే ముందు మీరో, పిల్లవాడి తల్లిదండ్రులో చూసి రావడం మంచిది. ‘సలార్’ వంటి చిత్రానికి ‘ఏ’ ఇచ్చారు కాబట్టి ఆ పిల్లవాణ్ణి హాలులోకి రానివ్వకూడదు. అయినా ‘ఏ’ చిత్రాలకు పసిపిల్లలను ఎత్తుకొని వచ్చేవారిని నేను తరచుగా చూస్తున్నాను. తెర మీద తల తెగిపడినప్పుడు ఒళ్ళో పిల్లవాడు మొహం దాచుకోవడం చూసి చాలా బాధ కలుగుతుంది.

ప్రశ్న: హీరో పేరు అందరికీ తెలుసు. నిజంగా దెబ్బలు తినేవారి సంగతి ఎవరికి పట్టింది?
— ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: మీ ప్రశ్న చదివి నాకు సంతోషం కలిగింది. ఇన్నాళ్ళూ పట్టలేదన్నది నిజమే. ఇప్పుడు కొంత మార్పు వస్తున్నది. స్టంట్ డిజైన్‌కు ప్రత్యేకంగా ఆస్కార్ ఇస్తామని అకాడమీ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. 2027లో విడుదలయ్యే చిత్రాలతో అది మొదలవుతుంది. ఆ ప్రకటనతో పాటు విడుదల చేసిన బొమ్మల్లో ‘ఆర్ఆర్ఆర్’ దృశ్యం కూడా ఒకటి ఉన్నది. మన జాతీయ పురస్కారాలు ఈ విషయంలో వారికంటే ముందున్నాయి. 64వ పురస్కారాల్లోనే పీటర్ హెయిన్ గారికి మలయాళ చిత్రం ‘పులిమురుగన్’కు ఆ గౌరవం దక్కింది. ఆ తరవాత ‘ఆర్ఆర్ఆర్’కు కింగ్ సాలమన్ గారు, ‘హనుమాన్’కు నందు, పృథ్వి గార్లు అందుకొన్నారు. వీరందరూ ఫైట్ మాస్టర్లు. వారి కింద తాళ్ళకు వేలాడి, అద్దాల మీద పడి, మంటల్లోంచి పరుగెత్తే ఫైటర్ల పేర్లు మాత్రం సినిమా అయిపోయాక వేగంగా పైకి జరిగిపోయే చిన్న అక్షరాల్లోనే ఉంటాయి. ఆ సమయానికి హాలులో లైట్లు వెలిగిపోతాయి, తలుపులు తెరుచుకొంటాయి. నేను, మా అమ్మాయి అవి అయ్యేదాకా కూర్చొని చదువుతాము.