రాగి గనుల దారిలో ఒక రాత్రి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అరిజోనాలోని గ్రాండ్ క్యానియన్ జాతీయ పార్కులో, దక్షిణ అంచున ఉన్న గ్రాండ్‌వ్యూ పాయింట్ నుంచి పాత రాగి గనులున్న హార్స్‌షూ మేసాకి, అంటే లోయ లోపల నెత్తి చదునుగా ఉన్న గుట్టకి, సామాను వీపున మోసుకుని గైడుతో వెళ్ళే బ్యాక్‌ప్యాకింగ్ గురించి వచ్చిన ప్రశ్నలివి.

ప్రశ్న: వెళ్ళేటప్పుడు మూడు మైళ్ళు, వచ్చేటప్పుడు మూడు మైళ్ళు. వారానికి నాలుగు రోజులు జిమ్‌కి వెళ్ళే మాకు గైడు అవసరమా?

మైళ్ళు పక్కన పెట్టి ఎత్తు చూడండి. గ్రాండ్‌వ్యూ పాయింట్ 7,400 అడుగుల ఎత్తులో ఉంది, మేసా 4,900 చిల్లర. మధ్యలో 2,500 అడుగుల దిగుడు. అందులో వెయ్యికి పైగా అడుగులు మొదటి మైలు దాటగానే వచ్చే కోకొనినో శాడిల్ అనే కనుమకే దిగిపోతారు. మామూలు కొండ ఎక్కుతూ అలిసిపోతే వెనక్కి తిరగొచ్చు, ఇంటికి వెళ్ళే దారి దిగుడే. ఇక్కడ దిగుడు ముందు వస్తుంది. చల్లటి పొద్దున, కొత్త ఓపికతో దిగేస్తారు. బాకీ మర్నాడు వసూలవుతుంది. ఎక్కడానికి దిగినదానికి రెట్టింపు సమయం వేసుకోమని పార్కు వారు చెప్పే లెక్క. రెండున్నర గంటల్లో దిగినవారు ఐదు గంటలు ఉంచుకోవాలి.

దారి కూడా ఇదే దక్షిణ అంచు నుంచి దిగే బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ లాంటిది కాదు. అక్కడున్నట్టు మంచినీళ్ళ కుళాయిలు, నీడకు కట్టిన పాకలు ఇక్కడ లేవు. 1892, 93లలో పీట్ బెర్రీ, కామెరాన్ సోదరులు గని కోసం వేసిన దారి ఇది. నిట్టనిలువు రాతి గోడకి దుంగలు బిగించి, వాటి మీద రాళ్ళు పరిచిన చోట్లు నేటికీ కనిపిస్తాయి. ఆ రాళ్ళు అరిగి నున్నబడ్డాయి, పైన సన్నటి ఇసుక. కొన్ని మెట్లు మోకాలెత్తు.

జిమ్ బలం పనికొస్తుంది కానీ ట్రెడ్‌మిల్ దిగడం నేర్పదు. ఆరేడు వారాల ముందు నుంచి పన్నెండు కిలోల బరువు వీపున వేసుకుని మెట్లు ఎక్కండి, ముఖ్యంగా దిగండి. తొడ కండరాలు సాగుతూ బరువు ఆపేది దిగేటప్పుడే. మర్నాడు నొప్పి పెట్టేవీ, ఎక్కడానికి కావలసినవీ అవే.

ఇంతకుముందు ఎడారిలో బరువు మోస్తూ ఒక రాత్రయినా గడిపినవారికి, నీళ్ళ లెక్క సొంతంగా వేయగలిగినవారికి గైడు తప్పనిసరి కాదు. మిగతావారికి గైడు ఇచ్చే అసలు సాయం దారి చూపడం కాదు, ఎందుకంటే దారి తప్పే చోటు కాదిది. ఎంత మెల్లగా నడవాలో, ఎప్పుడు ఆగాలో, ఎవరిని శాడిల్ నుంచే వెనక్కి పంపాలో వేరే మనిషి నిర్ణయించడమే ఆ సాయం.

ప్రశ్న: మేసా మీద నీళ్ళుండవట. ఒక రాత్రికి ఎన్ని లీటర్లు మోయాలి?

లెక్క వెనక నుంచి వేయండి. ఎక్కే రోజుకి మనిషికి మూడు నుంచి నాలుగు లీటర్లు. సాయంత్రం నుంచి పొద్దుటి వరకు, వంటతో కలిపి మూడు. దిగడానికి రెండు. మొత్తం ఎనిమిది, తొమ్మిది లీటర్లు. లీటరు నీళ్ళు కిలో బరువు కాబట్టి, గుడారం, పడక సంచి, తిండి కాక తొమ్మిది కిలోలు. ఆ బరువుతో మోకాలెత్తు మెట్లు దిగడం మంచిది కాదు.

అందుకే ఎక్కువమంది నాలుగైదు లీటర్లతో దిగి, మేసా తూర్పు పక్క కింద ఉన్న పేజ్ స్ప్రింగ్‌కి వెళ్ళి నింపుకుంటారు. దీన్నే మైనర్స్ స్ప్రింగ్ అని కూడా అంటారు. దూరం తక్కువే, కానీ దారి బాగా నిటారు, ఒకవైపు లోయ. పెద్ద ప్యాక్ శిబిరంలో వదిలి, ఖాళీ సీసాలు, ఫిల్టర్, హెడ్‌ల్యాంప్ పెట్టిన చిన్న సంచితో వెళ్ళాలి. ఊట సన్నగా వస్తుంది. ఎనిమిది మందికి తలా నాలుగు లీటర్లంటే ముప్పై రెండు లీటర్లు. పట్టడానికి, వడపోయడానికి గంటకు పైనే పట్టొచ్చు. చీకటి పడ్డాక చేసే పని కాదు, కాబట్టి మధ్యాహ్నం మూడు గంటల లోపు మేసా చేరేలా బయలుదేరాలి. పడమటి పక్కన కాటన్‌వుడ్ క్రీక్ అనే వాగు ఉంది. వసంతంలో పారుతుంది, ఎండలు ముదిరితే నమ్మలేం. బయలుదేరే ముందు రోజు రాత్రి బస పర్మిట్లు చూసే పార్కు బ్యాక్‌కంట్రీ కార్యాలయంలో నీళ్ళ పరిస్థితి అడగండి. పోయిన ఏడాది ఎవరో చెప్పింది లెక్కలోకి రాదు.

ఫిల్టర్ సూక్ష్మజీవులను ఆపుతుంది, నీళ్ళలో కరిగిన లోహాలను ఆపలేదు. మరిగించినా పోవు. గని నోటి దగ్గర, ఖనిజపు కుప్పల కింద చేరిన నీళ్ళు ఎంత తేటగా ఉన్నా ముట్టుకోవద్దు. ఇక్కడికి పడమరగా ఉన్న హార్న్ క్రీక్ నీళ్ళలో యురేనియం ఉంది. పైనున్న ఆర్ఫన్ గని చలవ అది. దాహంతో ప్రాణం పోయేలా ఉంటే తప్ప ఆ నీళ్ళు తాగొద్దని పార్కు వారే హెచ్చరిస్తారు.

ఇంకో రెండు చిన్న సంగతులు. నీళ్ళన్నీ ఒకే పెద్ద సంచిలో పోయవద్దు. అది చిరిగితే అంతే సంగతులు. లీటరు, రెండు లీటర్ల సీసాలుగా విడదీయండి. సన్నటి గొట్టాల్లాంటి పోగులతో చేసిన ఫిల్టర్ ఒకసారి తడిసాక రాత్రి గడ్డకడితే లోపల పగులుతుంది. పైకి ఏమీ కనిపించదు. చలి రాత్రుల్లో దాన్ని పడక సంచిలో పెట్టుకుని పడుకోండి.

ప్రశ్న: నీళ్ళు ఎక్కువ తాగితే కూడా ప్రమాదమంటారు. నిజమేనా?

నిజమే. చెమటతో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, తికమక మాటలు, వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం దీని గుర్తులు. చిక్కేమిటంటే వడదెబ్బ మొదటి లక్షణాలూ ఇలాగే ఉంటాయి. తేడా పట్టడానికి గైడు అడిగే మొదటి ప్రశ్న, ఎంత తాగారు, ఏం తిన్నారు అని. లీటర్ల కొద్దీ తాగి, తిండి ముట్టకుండా, నీళ్ళలా రంగులేని మూత్రం మాటిమాటికీ పోస్తుంటే అనుమానం ఉప్పు మీదే. నీళ్ళు ఆపి, ఉప్పగా ఉండేవి తినిపించాలి. మాట తడబడితే మాత్రం అక్కడ చేయగల వైద్యం ఏమీ లేదు, ఉపగ్రహ పరికరంతో సాయం పిలవాల్సిందే. అలా కాక ఒళ్ళు కాలిపోతూ తికమకపడుతుంటే బట్టలు నీళ్ళతో తడిపి విసరాలి, నీడలో ఉంచాలి.

ఇదంతా రాకుండా చేసే పని సులువు. దాహమైనప్పుడల్లా తాగడం, గంటకోసారి ఉప్పు ఉన్న చిరుతిండి ఏదైనా తినడం. ఎండకాలంలో పది నుంచి నాలుగు వరకు నడక మానేయడం.

ప్రశ్న: గనుల లోపలికి తీసుకెళ్తారా? ఒక చిన్న రాగి రాయి జ్ఞాపకంగా తెచ్చుకోవచ్చా?

రెండూ కుదరవు.

బెర్రీ బృందం 1890లో హక్కు దాఖలు చేసిన లాస్ట్ చాన్స్ గని ఇది. దీని రాగి ఖనిజం 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో బహుమతి తెచ్చుకుంది. అందులో రాగి డెబ్బై శాతం పైమాటే. అంత మంచి ఖనిజం ఉండీ గని నిలవలేదు. ఒక్కో కంచరగాడిద రెండు వందల పౌన్లు మోసుకుని మీరు ఎక్కే ఈ దారినే ఎక్కాలి, అక్కడి నుంచి మళ్ళీ రైలు దాకా చేరాలి. లాభం రవాణాలోనే కరిగిపోయింది. బెర్రీ అంచు మీద హోటల్ కట్టి యాత్రికుల వైపు తిరిగాడు. 1901లో రైలు దక్షిణ అంచుకి వచ్చింది, కానీ ఇక్కడికి పదకొండు మైళ్ళ పడమర. జనం అటే పోయారు. అదే ఏడాది గని చేతులు మారింది. 1907లో రాగి ధర కుప్పకూలి తవ్వకం ఆగింది. 1913లో పత్రికల యజమాని విలియం రాండాల్ఫ్ హర్స్ట్ ఆ భూమి కొన్నాడు. 1940లో గాని అది పార్కు చేతికి రాలేదు.

మేసా మీద మీకు కనిపించేవి రాతితో కట్టిన వంటశాల గోడలు, తుప్పు పట్టిన సామాను, ఆకుపచ్చ, నీలం రంగు రాళ్ళ కుప్పలు, గని నోళ్ళు. నోళ్ళకి బిగించిన ఇనుప కమ్మీల తలుపులు మనుషులను ఆపి గబ్బిలాలను పోనిస్తాయి. కమ్మీలు లేని చోటైనా లోపలికి పోవద్దు. దూలాలు పుచ్చి ఉంటాయి, గాలి ఆడని మూలల్లో ప్రాణవాయువు తక్కువ. ఈ రాగి పుట్టింది బ్రెచ్చా గొట్టాల్లో, అంటే కింద గుహ కూలి పై పొరలు విరిగి నిండిన నిలువు బిలాల్లో. ఆర్ఫన్ గని కూడా అలాంటి గొట్టమే. మొదట రాగి కోసం హక్కు పెట్టినదాంట్లో 1950లలో యురేనియం తవ్వారు. ఇటువంటి చోట రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు చేరుతుంది, దానికి వాసనా రంగూ లేవు. కాబట్టి ఖనిజపు కుప్పల మీద కూర్చోకండి, అక్కడ గుడారం వేయకండి, చేతులు తుడుచుకోకుండా తినకండి.

రాయి సంగతి. జాతీయ పార్కులో ఏ రాయైనా తీయడం నేరం. ఇక్కడ తుప్పు పట్టిన డబ్బా కూడా చరిత్ర వస్తువే, కాలితో తన్ని దొర్లించినా తప్పే. ఈ గని పేరు మీదే గ్రాండ్‌వ్యూవైట్ అనే ఖనిజం ఉంది. ఫొటో తీసుకోండి.

ప్రశ్న: గైడు సంస్థను ఎంచుకునేటప్పుడు ఏం అడగాలి? పర్మిట్ మేమే తీసుకోవాలా?

మొదట అడగాల్సింది, డబ్బు తీసుకుని ఈ పార్కులో యాత్రికులను నడిపించడానికి పార్కు వారి వాణిజ్య అనుమతి ఉందా అని. స్నేహితుడి స్నేహితుడు తక్కువకి తీసుకెళ్తానంటే, ఆ అనుమతి లేకపోతే ట్రెయిల్‌హెడ్ దగ్గరే, అంటే నడక మొదలయ్యే చోటే యాత్ర ముగిసిపోవచ్చు. అనుమతి ఉన్న సంస్థ రాత్రి బసకి పర్మిట్ తనే తెస్తుంది. పార్కు ప్రవేశ రుసుము మాత్రం చాలాచోట్ల మీదే, బుక్ చేసేటప్పుడే అడగండి. సొంతంగా వెళ్ళేవారు దాదాపు నాలుగైదు నెలల ముందే లాటరీకి దరఖాస్తు పెట్టాలి. ఆరుగురి వరకు చిన్న గుంపు, ఏడు నుంచి పదకొండు వరకు పెద్ద గుంపు. పెద్ద గుంపు చోట్లు తక్కువ. మేసా మీద ఎక్కడపడితే అక్కడ కాకుండా, కేటాయించిన చోట్లలోనే పడుకోవాలి. మంట వేయకూడదు, వంట గ్యాస్ స్టవ్ మీదే.

తర్వాత, గైడుకి మారుమూల ప్రాంతాల అత్యవసర వైద్యంలో శిక్షణ ఉందా, ఉపగ్రహ సందేశ పరికరం ఉందా, ఒక గైడుకి ఎంతమంది. గుంపుకి ఒక్కరే గైడైతే ఒకరు నలిగినప్పుడు అందరూ ఆగిపోవాలి, ఇద్దరుంటే ఒకరు వెనక్కి తీసుకెళ్ళగలరు. ఉమ్మడి సామాను ఎవరు మోస్తారో రాతలో అడగండి. గుడారం, స్టవ్, తిండి మనకూ పంచుతారు. ఆ నాలుగు కిలోలు చాలామంది బయలుదేరే పొద్దున్నే తొలిసారి చూస్తారు.

ప్రశ్న: బూట్లు?

అర సైజు పెద్దవి, కనీసం యాభై మైళ్ళు నడిచి మెత్తబడినవి. దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్ళు గుద్దుకుంటాయి, గోళ్ళు నల్లబడి ఊడేది అందుకే. రెండు రోజుల ముందు గోళ్ళు కత్తిరించుకోండి, దిగే ముందు చీలమండ దగ్గర లేసు గట్టిగా బిగించండి. ట్రెకింగ్ పోల్స్ రెండూ తీసుకోండి.

ప్రశ్న: డిసెంబరు సెలవుల్లో వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, కానీ మేసా పొడిగా ఉన్నా పై మైలు నీడలో మంచు గడ్డకట్టి ఉంటుంది. బూట్లకి తొడిగే ఇనుప పళ్ళు లేకుండా ఆ చోటు దాటవద్దు. మార్చి మధ్య నుంచి మే, సెప్టెంబరు చివర నుంచి నవంబరు మధ్య వరకు సుఖం. జూన్‌లో వద్దు. జూలై, ఆగస్టుల్లో ఎండకి తోడు ఉరుములు, ఉన్నట్టుండి వచ్చే వరదలు.

ప్రశ్న: పాములకన్నా ఎలుకలు ఎక్కువ ఇబ్బంది అన్నారు ఎవరో?

సరిగ్గానే చెప్పారు. తిండీ, పళ్ళపొడీ, సన్‌స్క్రీనూ ఇనుప జాలీ సంచిలో పెట్టి వేలాడదీయండి. ఖాళీ ప్యాక్ జిప్పులన్నీ తెరిచి ఉంచండి. మూసి ఉంటే లోపల ఏమీ లేకపోయినా కొరికి కన్నం చేస్తాయి. పగలు ఆ పని కాకులు చేస్తాయి, వాటికి జిప్పు తీయడం వచ్చు. ఆహారం చెత్త, వాడిన టాయిలెట్ కాగితం సహా, ప్రతిదీ మీతోనే పైకి రావాలి.